ఇల్యా మెచ్నికోవ్

ఇల్యా ఇల్యిచ్ మెచ్నికోవ్ (1845 మే 15 - 1916 జూలై) రష్యా సామ్రాజ్యానికి చెందిన జంతుశాస్త్రవేత్త, రోగనిరోధక శాస్త్రానికి పునాది వేసినవారిలో ఒకడు. శరీరంలోకి చొరబడిన సూక్ష్మజీవులను కొన్ని కణాలు చుట్టుముట్టి, మింగి, జీర్ణం చేసుకుంటాయని ఇతడు నిరూపించాడు. ఈ కణాలనే ఫాగోసైట్లు లేక భక్షక కణాలు అంటారు. ఈ పరిశోధనకుగాను 1908లో జర్మనీ శాస్త్రవేత్త పాల్ ఎర్లిఖ్‌తో కలిసి వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి పొందాడు. వార్ధక్యం గురించి, పేగులలోని సూక్ష్మజీవుల గురించి కూడా ఇతడు విస్తృతంగా రాశాడు. వైద్యపట్టా లేని ఒక జంతుశాస్త్రజ్ఞుడు వైద్యశాస్త్రపు మూలసూత్రాలలో ఒకదానిని కనుగొనడం ఇతని జీవితంలోని విశేషం.

బాల్యం, విద్యాభ్యాసం

మెచ్నికోవ్ ఖార్కోవ్ (ఖార్కివ్) సమీపంలోని ఇవానోవ్కా గ్రామంలో జన్మించాడు. ఈ ప్రాంతం ప్రస్తుతం ఉక్రెయిన్ దేశంలో ఉంది. తండ్రి ఇల్యా ఇవానోవిచ్ రష్యా చక్రవర్తి అంగరక్షక దళంలో అధికారిగా పనిచేశాడు. తల్లి ఎమీలియా యూదు వంశానికి చెందిన రచయిత లెవ్ నెవఖోవిచ్ కుమార్తె. ఐదుగురు సంతానంలో ఇతడే ఆఖరివాడు. అన్నలలో ఒకడైన లెవ్ మెచ్నికోవ్ తరువాతి కాలంలో భూగోళ శాస్త్రవేత్తగా పేరు పొందాడు.

చిన్ననాటి నుండే మొక్కలు, జంతువుల పట్ల ఇతనికి అమితమైన ఆసక్తి ఉండేది. ఖార్కోవ్ విశ్వవిద్యాలయంలో చేరి నాలుగేళ్ళ పాఠ్యక్రమాన్ని రెండేళ్ళలో ముగించి, 1864లో పట్టా పుచ్చుకున్నాడు. అప్పటికి ఇతని వయస్సు 19 సంవత్సరాలు. ఆ తరువాత ఉత్తర సముద్రంలోని హెలిగోలాండ్ ద్వీపంలోను, జర్మనీలోని గీసెన్, గొట్టింగెన్, మ్యూనిక్ నగరాలలోను సముద్రజీవులను, పురుగులను అధ్యయనం చేశాడు. గీసెన్‌లో ఉండగా 1865లో ఒక బల్లపరుపు పురుగులో ఆహారం కడుపు కుహరంలో కాక కణాల లోపలే జీర్ణం కావడాన్ని గమనించాడు. అప్పటికి చిన్న విషయంగా తోచిన ఈ పరిశీలన పదిహేడేళ్ళ తరువాత ఇతని ముఖ్య సిద్ధాంతానికి ఆధారమైంది.

ఇటలీలోని నేపుల్స్‌లో అలెగ్జాండర్ కొవలెవ్‌స్కీ అనే మరొక రష్యన్ శాస్త్రజ్ఞునితో స్నేహం కుదిరింది. వెన్నెముకలేని జీవుల పిండాభివృద్ధిపై జరిపిన పరిశోధనలకు వీరిద్దరికీ 1867లో కార్ల్ ఎర్నెస్ట్ ఫాన్ బేర్ బహుమతి లభించింది. అదే సంవత్సరం మెచ్నికోవ్ ఒడెసా నగరంలోని నొవొరొస్సియా విశ్వవిద్యాలయంలో ఉపన్యాసకుడుగా చేరాడు. కొంతకాలం సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో పనిచేసి, 1870లో జంతుశాస్త్ర ఆచార్యుడుగా ఒడెసాకు తిరిగి వచ్చాడు.

కుటుంబ జీవితం

1869లో ల్యూడ్మిలా ఫెదొరోవిచ్‌ను వివాహమాడాడు. అప్పటికే ఆమె క్షయవ్యాధితో బాధపడుతూ ఉండేది. నడిచే శక్తి లేనందున వివాహానికి ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి చర్చికి మోసుకొని వెళ్ళవలసి వచ్చింది. ఆమె ఆరోగ్యం కోసం మెచ్నికోవ్ వెచ్చని ప్రదేశాలు వెదకుతూ తిరిగాడు. ఖర్చులకోసం అనువాదాలు చేశాడు. సూక్ష్మదర్శినితో ఎడతెగని పనివల్ల ఇతని కళ్ళు కూడా దెబ్బతిన్నాయి. చివరకు 1873 ఏప్రిల్‌లో మదీరా ద్వీపంలో ల్యూడ్మిలా మరణించింది. ఈ దుఃఖాన్ని తట్టుకోలేక మెచ్నికోవ్ ప్రాణత్యాగానికి ప్రయత్నించి బతికి బయటపడ్డాడు. ఆ రోజులలోనే జెనీవాలో ఒక వంతెన మీది దీపం చుట్టూ ముసురుకొన్న కీటకాలను చూసి, కొద్ది గంటలు మాత్రమే జీవించే ప్రాణులకు ప్రకృతివరణ సిద్ధాంతం ఎలా వర్తిస్తుందన్న ఆలోచనలో పడ్డాడని, అదే ఇతనిని మళ్ళీ విజ్ఞానం వైపు మళ్ళించిందని ఇతని జీవితచరిత్రలో ఉంది.

1875లో ఓల్గా బెలొకొపితోవాను రెండవ వివాహం చేసుకున్నాడు. ఆమె చిత్రకారిణి, శిల్పి. భర్త పరిశోధనలలో సహాయకురాలుగా పనిచేసి, ఆయన మరణానంతరం జీవితచరిత్రను రాసింది. వీరికి సంతానం లేదు. 1880లో ఓల్గాకు టైఫాయిడ్ తీవ్రంగా వచ్చింది. ఆమె కోలుకున్నది కాని, మెచ్నికోవ్ మాత్రం మానసికంగా కృంగిపోయాడు. 1881లో పునరావృత జ్వరం రక్తం ద్వారా సోకుతుందో లేదో తెలుసుకోవడానికి రోగి రక్తాన్ని తన శరీరంలోకే ఎక్కించుకున్నాడు. జ్వరం సోకింది, ప్రాణం మీదికి వచ్చింది. ఆ గండం గడిచిన తరువాత ఇతనికి జీవితం పట్ల ఆశ తిరిగి కలిగిందని ఓల్గా పేర్కొన్నది.

మెస్సీనాలో ఆవిష్కరణ

1881లో జారు చక్రవర్తి రెండవ అలెగ్జాండర్ హత్య తరువాత రష్యా విశ్వవిద్యాలయాలలో ప్రభుత్వ నిర్బంధం పెరిగింది. ఒడెసాలో విద్యార్థులకు, అధికారులకు మధ్య ఏర్పడిన ఘర్షణ వాతావరణంలో మెచ్నికోవ్ 1882లో ఆచార్య పదవికి రాజీనామా చేసి, కుటుంబంతో సిసిలీ ద్వీపంలోని మెస్సీనా నగరానికి వెళ్ళాడు. అక్కడ సముద్రపు ఒడ్డున అద్దె ఇంట్లోనే ప్రయోగశాల ఏర్పాటు చేసుకున్నాడు.

ఒకరోజు ఇంటిల్లిపాదీ సర్కసు చూడడానికి వెళ్ళగా, మెచ్నికోవ్ ఒంటరిగా నక్షత్రచేప డింభకాలను సూక్ష్మదర్శినిలో పరిశీలిస్తున్నాడు. ఈ డింభకాల శరీరం గాజులాగా పారదర్శకంగా ఉంటుంది. లోపల అమీబాలవలె కదలాడే కణాలు స్పష్టంగా కనిపిస్తాయి. ఆహారాన్ని మింగే ఇటువంటి కణాలే శరీరంలోకి ప్రవేశించిన హానికర పదార్థాలను కూడా ఎదుర్కొంటాయేమోనని ఇతనికి తోచింది. అదే నిజమైతే, రక్తనాళాలుగాని, నాడీమండలంగాని లేని ఈ డింభకంలో ముల్లు గుచ్చితే దాని చుట్టూ కణాలు చేరాలి. మనిషి వేలిలో ముల్లు విరిగినప్పుడు చీము పట్టడం కూడా ఇటువంటిదే కావాలి. తోటలోని గులాబీ ముళ్ళను తెచ్చి డింభకాల చర్మం కింద గుచ్చాడు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లవారి చూసేసరికి ముళ్ళ చుట్టూ కదిలే కణాలు దట్టంగా మూగి ఉన్నాయి.

ఆ సమయంలో మెస్సీనాకు వచ్చిన సుప్రసిద్ధ రోగనిర్ణయ శాస్త్రవేత్త రుడాల్ఫ్ విర్ఖోవ్ ఈ ప్రయోగాలను చూసి ప్రోత్సహించాడు. అయితే ఆనాటి వైద్యులు ఇందుకు పూర్తిగా వ్యతిరేకమైన అభిప్రాయంతో ఉన్నారని హెచ్చరించాడు కూడా. వియన్నాలో జంతుశాస్త్ర ఆచార్యుడైన కార్ల్ క్లాజ్ బృందం సూచన మేరకు ఈ కణాలకు గ్రీకు భాషనుండి ఫాగోసైట్ అనే పేరు స్థిరపడింది. తినే కణం అని దీని అర్థం. 1883లో మెచ్నికోవ్ తన సిద్ధాంతాన్ని ప్రకటించాడు.

తాపం గురించిన కొత్త అవగాహన

శరీరంలో దెబ్బ తగిలినచోట, సూక్ష్మజీవులు సోకినచోట ఎరుపు, వాపు, వేడి, నొప్పి కలుగుతాయి. ఈ నాలుగు లక్షణాలను మొదటి శతాబ్దంలోనే రోమన్ రచయిత సెల్సస్ పేర్కొన్నాడు. వీటితో కూడిన ప్రక్రియను వైద్యశాస్త్రంలో తాపం లేక శోథ అంటారు. మెచ్నికోవ్ కాలానికి తాపం అంటే ప్రధానంగా రక్తనాళాలలో కలిగే వికారమని వైద్యులు భావించేవారు. 1867లో జూలియస్ కోన్‌హైమ్ తెల్ల రక్తకణాలు రక్తనాళాల గోడలగుండా బయటకు వస్తాయని చూపినా, ఆ కణాలు అక్కడ చేసే పని ఏమిటో స్పష్టం కాలేదు. తెల్లకణాలలో సూక్ష్మజీవులు కనిపించినప్పుడు, ఆ కణాలు వాటిని శరీరమంతటా మోసుకొనిపోయి రోగాన్ని వ్యాపింపజేస్తాయని అనేకులు నమ్మేవారు.

మెచ్నికోవ్ జంతుశాస్త్రజ్ఞుడు కావడంవల్ల ఈ సమస్యను వేరొక వైపు నుండి చూడగలిగాడు. రక్తనాళాలు లేని జీవులలో సైతం హానికర వస్తువు చుట్టూ కణాలు చేరుతున్నప్పుడు, తాపానికి మూలం రక్తనాళాలు కాజాలవు. కణాలు శత్రువును ఎదుర్కొనడమే అసలు ప్రక్రియ. రక్తనాళాలు, నాడులు పరిణామక్రమంలో తరువాత చేరి ఆ కణాలను వేగంగా చేరవేయడానికి తోడ్పడ్డాయి. అనగా తాపం కేవలం రోగలక్షణం కాదు, శరీరం చేసే ప్రతిఘటన. 1891లో పారిస్‌లో ఈ విషయంపై ఇచ్చిన ఉపన్యాసాలు 1892లో గ్రంథరూపంలో వెలువడ్డాయి.

ఈ సిద్ధాంతానికి 1884లో డాఫ్నియా అనే నీటి ఈగలో చక్కని ఆధారం దొరికింది. దీనిలో ఒక రకమైన ఈస్టు తెగులు కలిగిస్తుంది. సూదుల వంటి దీని సిద్ధబీజాలు పేగు గోడను చీల్చుకొని శరీర కుహరంలోకి వస్తాయి. భక్షక కణాలు వాటిని వెంటనే చుట్టుముట్టి నాశనం చేస్తే నీటి ఈగ బతుకుతుంది. సిద్ధబీజాలు మొలకెత్తి మొగ్గలు తొడిగితే అది మరణిస్తుంది. బతకడమా, చావడమా అన్నది ఈ రెండింటి మధ్య పోరుపై ఆధారపడి ఉంటుందని మెచ్నికోవ్ ప్రత్యక్షంగా చూపగలిగాడు. తరువాత ఆంత్రాక్స్ (దొమ్మ రోగం) సూక్ష్మజీవులతో జరిపిన ప్రయోగాలలో, బలహీనపరచిన సూక్ష్మజీవులను కుందేలు తెల్లకణాలు మింగివేస్తున్నాయని, తీవ్రశక్తి గలవి తప్పించుకొంటున్నాయని గమనించాడు. భక్షక కణాలలో పెద్దవాటికి మాక్రోఫేజ్‌లు (స్థూలభక్షకాలు) అని, చిన్నవాటికి మైక్రోఫేజ్‌లు అని పేర్లు పెట్టాడు. మొదటి పేరు ఇప్పటికీ వాడుకలో ఉంది. రెండవ రకం కణాలను నేడు న్యూట్రోఫిల్స్ అంటున్నారు.

పాశ్చర్ సంస్థలో

1886లో ఒడెసా నగరంలో పాశ్చర్ పద్ధతిలో రేబిస్ (జలభీతి) టీకాలు వేయడానికి ఒక సూక్ష్మజీవ శాస్త్ర కేంద్రం ఏర్పడింది. దీనికి మెచ్నికోవ్ అధిపతిగా, వైద్యుడైన నికొలాయ్ గమాలేయ సహాయకుడుగా నియమితులయ్యారు. వైద్యపట్టా లేనివాడు ఇటువంటి సంస్థను నడపడంపై స్థానిక వైద్యులనుండి వ్యతిరేకత ఎదురైంది. పరిశోధనకు వీలులేని పరిస్థితిలో ఇతడు యూరప్‌లో చోటు వెదకుకున్నాడు. బెర్లిన్‌లో రాబర్ట్ కాఖ్ ఇతని ఫలితాల పట్ల ఉదాసీనత చూపాడు. పారిస్‌లో లూయీ పాశ్చర్ మాత్రం ఆదరంగా స్వాగతించి, కొత్తగా నిర్మిస్తున్న తన సంస్థలో ప్రయోగశాల ఇస్తానన్నాడు. 1888లో పారిస్ చేరిన మెచ్నికోవ్ మరణించేవరకు అక్కడే పనిచేశాడు. 1904లో ఆ సంస్థకు ఉపసంచాలకుడయ్యాడు.

ఒడెసాలో ఇతని శిష్యుడైన వాల్డెమార్ హాఫ్‌కిన్ కూడా పాశ్చర్ సంస్థలో చేరి, 1892లో కలరా టీకాను తయారుచేశాడు. హాఫ్‌కిన్ 1893లో భారతదేశానికి వచ్చి వేలాదిమందికి కలరా టీకాలు వేశాడు. 1897లో బొంబాయిలో ప్లేగు టీకాను రూపొందించాడు. ముంబైలోని హాఫ్‌కిన్ సంస్థ ఇతని పేరు మీద ఉన్నదే.

కణాలా, రక్తరసమా?

మెచ్నికోవ్ సిద్ధాంతంపై దాదాపు 25 సంవత్సరాలపాటు వివాదం నడిచింది. జర్మనీ శాస్త్రజ్ఞులలో అధికులు రోగనిరోధక శక్తి కణాలలో కాక రక్తరసంలో ఉంటుందని వాదించారు. 1890లో ఎమిల్ ఫాన్ బేరింగ్, షిబసబురో కిటసాటో ధనుర్వాతం, కంఠసర్పి (డిఫ్తీరియా) విషాలకు రక్తరసంలో విరుగుడు పదార్థాలు పుడతాయని కనుగొనడం ఈ వాదానికి బలం చేకూర్చింది. 1894లో రిచర్డ్ ఫైఫర్ టీకా వేసిన గినీపందుల ఉదర కుహరంలో కలరా సూక్ష్మజీవులు కణాల సహాయం లేకుండానే కరిగిపోవడాన్ని చూపాడు. ఇది మెచ్నికోవ్‌కు పెద్ద దెబ్బ. ప్రతి విమర్శకు ఇతడు ప్రయోగంతోనే సమాధానం చెప్పడానికి ప్రయత్నించాడు.

ఈ చిక్కుముడిని విప్పడంలో ముఖ్యపాత్ర వహించినవాడు మెచ్నికోవ్ ప్రయోగశాలలోనే పనిచేస్తున్న బెల్జియం యువకుడు జూల్స్ బోర్డె. సూక్ష్మజీవులు కరగడానికి రక్తరసంలో రెండు పదార్థాలు అవసరమని 1895లో ఇతడు కనుగొన్నాడు. ఒకటి వేడికి తట్టుకొనే ప్రత్యేక ప్రతిరక్షకం. మరొకటి వేడికి నశించే సహాయక పదార్థం. రెండవదానిని ఇప్పుడు కాంప్లిమెంట్ అంటున్నారు. గురువు సిద్ధాంతానికి ఎదురుపక్షాన్ని బలపరచే ఈ ఫలితం గురువు ప్రయోగశాల నుండే వెలువడింది. బోర్డెకు 1919 సంవత్సరపు నోబెల్ బహుమతి లభించింది. 1903లో లండన్‌లో ఆమ్రోత్ రైట్, స్టీవర్ట్ డగ్లస్ రక్తరసంలోని కొన్ని పదార్థాలు సూక్ష్మజీవులకు అంటుకొని, వాటిని భక్షక కణాలు సులభంగా మింగేటట్లు చేస్తాయని చూపారు. దీనితో రెండు పక్షాలూ పరస్పర విరుద్ధం కావని, ఒకదానికొకటి పూరకమని స్పష్టమైంది. కణపక్షానికి మెచ్నికోవ్, రసపక్షానికి ఎర్లిఖ్ ప్రతినిధులుగా 1908 నోబెల్ బహుమతిని పంచుకోవడం దీనికి తగిన ముగింపుగా భావించవచ్చు.

ఇతర పరిశోధనలు

1892లో ఫ్రాన్స్‌లో కలరా వ్యాపించినప్పుడు, కలరా సూక్ష్మజీవులు సోకినా కొందరికి రోగం రాకపోవడానికి కారణం తెలుసుకోవాలని మెచ్నికోవ్ స్వయంగా వాటిని మింగాడు. ఇతనికి ఏమీ కాలేదు. ఇదే ప్రయోగానికి సిద్ధపడిన ఒక స్వచ్ఛంద సేవకుడు మాత్రం చావు అంచులదాకా వెళ్ళాడు. ఆ తరువాత ఇటువంటి ప్రయోగాలను ఆపివేశాడు. నేటి నీతి నియమాల ప్రకారం ఇవి ఏమాత్రం అనుమతించదగినవి కావు. పేగులలో ముందే ఉన్న సూక్ష్మజీవులు కొత్తగా వచ్చినవాటికి తోడ్పడవచ్చు, లేక అడ్డుపడవచ్చు అన్న ఆలోచన మాత్రం ఇక్కడే మొలకెత్తింది.

1903లో ఎమిల్ రూతో కలిసి సిఫిలిస్ (సవాయి రోగం) చింపాంజీలకు సోకుతుందని నిరూపించాడు. దీనితో ఆ రోగాన్ని ప్రయోగశాలలో అధ్యయనం చేయడానికి మార్గం ఏర్పడింది. 1911లో కాల్మిక్ గడ్డిమైదానాలకు పరిశోధక బృందాన్ని తీసుకొనివెళ్ళి, క్షయవ్యాధి అంతగా లేని సంచార ప్రజలలో ఆ వ్యాధి వ్యాపించే తీరును పరిశీలించాడు.

వార్ధక్యం, పెరుగు

జీవితపు చివరి దశలో మెచ్నికోవ్ దృష్టి వార్ధక్యం మీదికి మళ్ళింది. వార్ధక్యాన్ని అధ్యయనం చేసే శాస్త్రానికి జెరంటాలజీ అనే పేరును ఇతడే 1903లో ప్రతిపాదించాడు. పెద్దపేగులో కుళ్ళు కలిగించే సూక్ష్మజీవులు విషపదార్థాలను పుట్టిస్తాయని, వాటివల్ల శరీర కణాలు బలహీనపడతాయని, బలహీనపడిన కణాలను స్థూలభక్షకాలు తినివేయడమే ముసలితనమని ఇతని వాదన. లాక్టిక్ ఆమ్లాన్ని పుట్టించే సూక్ష్మజీవులు ఈ కుళ్ళును అరికడతాయని భావించాడు. బల్గేరియా పల్లెలలో పెరుగు ఎక్కువగా తినేవారు దీర్ఘాయుష్కులని విని, 1905లో స్టామెన్ గ్రిగొరోవ్ ఆ పెరుగునుండి వేరుచేసిన సూక్ష్మజీవిపై ఆసక్తి చూపాడు. తాను ప్రతిదినం పులిసిన పాలు తాగేవాడు. కాచిన పాలను శుద్ధమైన తోడుతో తోడుపెట్టాలని సూచించాడు.

ఈ వాదనకు పత్రికలు విపరీతమైన ప్రచారం కల్పించాయి. వ్యాపారులు పెరుగు మాత్రలను దీర్ఘాయువు పేరిట అమ్ముకున్నారు. పెద్దపేగు మనిషికి అక్కరలేనిదన్న అభిప్రాయం మరింత హానికి దారితీసింది. లండన్‌లో అర్బుత్‌నాట్ లేన్ అనే శస్త్రవైద్యుడు మలబద్ధకం గల రోగులకు పెద్దపేగునే తొలగించే శస్త్రచికిత్సలు చేశాడు. పేగు విషాలే సకల రోగాలకు కారణమన్న సిద్ధాంతం తరువాతి కాలంలో నిలబడలేదు. బల్గేరియా సూక్ష్మజీవి మానవుని పేగులో స్థిరపడదని 1920వ దశకంలో తేలింది. వెంట్రుకల రంగును భక్షక కణాలు తినివేయడంవల్లనే జుట్టు నెరుస్తుందన్న అభిప్రాయం కూడా సరికాదని రుజువైంది.

మరణం

1914లో మొదలైన మొదటి ప్రపంచ యుద్ధం మెచ్నికోవ్‌ను తీవ్రంగా కలచివేసింది. పాశ్చర్ సంస్థలోని యువ పరిశోధకులు యుద్ధానికి వెళ్ళిపోయారు. పరిశోధనలు ఆగిపోయాయి. 1913 నుండి గుండెజబ్బుతో బాధపడుతున్న ఇతడు 1916 జూలైలో, 71 ఏళ్ళ వయస్సులో పారిస్‌లో మరణించాడు. మనిషి 100 ఏళ్ళకు పైగా జీవించగలడని బోధించిన ఇతడు, తన కుటుంబంలో అందరూ త్వరగా మరణించినందున తాను అంతకాలం బతకడం కూడా విశేషమేనని భావించేవాడు. ఇతని అస్థికలు పాశ్చర్ సంస్థ గ్రంథాలయంలో భద్రపరచబడి ఉన్నాయి.

నేటి పరిశోధనలలో మెచ్నికోవ్

20వ శతాబ్దంలో చాలాకాలం రోగనిరోధక శాస్త్రజ్ఞుల దృష్టి ప్రతిరక్షకాల మీదనే నిలిచింది. భక్షక కణాలు కేవలం చెత్త ఊడ్చే కణాలన్న అభిప్రాయం ఉండేది. 1996లో జూల్స్ హాఫ్‌మన్ బృందం పండ్ల ఈగలలో టోల్ అనే జన్యువు బూజు తెగులు నుండి రక్షణ కలిగిస్తుందని కనుగొన్నది. 1998లో బ్రూస్ బాయిట్లర్ బృందం ఎలుకలలో దీనివంటి గ్రాహకమే సూక్ష్మజీవుల విషాన్ని గుర్తిస్తుందని చూపింది. సూక్ష్మజీవులను భక్షక కణాలు ఎలా గుర్తుపడతాయన్న మెచ్నికోవ్ నాటి ప్రశ్నకు దీనితో సమాధానం దొరికింది. ఈ ఇద్దరికి, డెండ్రైటిక్ కణాలను కనుగొన్న రాల్ఫ్ స్టైన్‌మన్‌కు కలిపి 2011లో నోబెల్ బహుమతి ఇచ్చారు. న్యూట్రోఫిల్స్ తమ డి.ఎన్.ఏ. పోగులను వలలాగా విసరి సూక్ష్మజీవులను బంధిస్తాయని 2004లో వెల్లడైంది.

భక్షక కణాలు ఎల్లప్పుడూ విజయం సాధించవని కూడా తెలిసింది. ల్యూడ్మిలా ప్రాణం తీసిన క్షయ సూక్ష్మజీవి స్థూలభక్షకాలలోనే దాగి, వాటి జీర్ణశక్తిని తప్పించుకొని ఏళ్ళతరబడి జీవించగలదు. పుట్టుకతోనే భక్షక కణాలు సూక్ష్మజీవులను చంపలేని లోపం ఉన్న పిల్లలు పదేపదే తీవ్రమైన అంటురోగాలకు గురవుతారు.

మరొకవైపు, రక్షించవలసిన తాపమే హద్దు మీరితే శరీరానికి హాని కలుగుతుంది. ధమనుల గోడలలో కొవ్వును మింగిన స్థూలభక్షకాలు పేరుకొనడం గుండెజబ్బుకు దారితీస్తుంది. గుండెపోటు వచ్చిన 10,000 మందికి పైగా రోగులపై జరిపి 2017లో ప్రకటించిన అధ్యయనంలో, తాపాన్ని ప్రేరేపించే ఇంటర్‌ల్యూకిన్ అనే పదార్థాన్ని అడ్డుకొనే మందు కొలెస్టరాల్‌ను తగ్గించకుండానే మళ్ళీ గుండెపోటు వచ్చే అవకాశాన్ని తగ్గించింది. అయితే ఆ మందు పొందినవారిలో ప్రాణాంతకమైన అంటురోగాలు కొంత పెరిగాయి. 2020లో కోవిడ్-19 సోకి ఆక్సిజన్ అవసరమైన రోగులలో తాపాన్ని అణచే డెక్సామెథసోన్ మరణాలను తగ్గించిందని బ్రిటన్‌లో జరిగిన పరిశోధన తెలిపింది. ఆక్సిజన్ అవసరంలేని రోగులకు ఈ మందువల్ల మేలు కనిపించలేదు. తాపాన్ని ఎప్పుడు అణచాలి, ఎప్పుడు దాని పని దానిని చేయనివ్వాలి అన్నది నేటి వైద్యుల ముందున్న ముఖ్యమైన ప్రశ్న.

వయస్సుతో పాటు శరీరంలో స్వల్పస్థాయి తాపం పెరుగుతుందని, పేగులలోని సూక్ష్మజీవులకు రోగనిరోధక వ్యవస్థతో దగ్గరి సంబంధం ఉందని ఇటీవలి పరిశోధనలు తెలుపుతున్నాయి. మెచ్నికోవ్ చెప్పిన వివరాలలో అనేకం తప్పయినా, వార్ధక్యం, తాపం, పేగు సూక్ష్మజీవులు అనే మూడింటిని కలిపి చూడడంలో ఇతడు తన కాలానికంటే ముందున్నాడు.

గుర్తింపు

మెచ్నికోవ్‌కు 1906లో లండన్ రాయల్ సొసైటీ కోప్లే పతకాన్ని బహూకరించింది. ఇతడు పనిచేసిన ఒడెసా విశ్వవిద్యాలయానికి, సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని ఒక వైద్య విశ్వవిద్యాలయానికి ఇతని పేరు పెట్టారు. నీటి ఈగలలో ఇతడు పరిశీలించిన ఈస్టు ప్రజాతి మెచ్నికోవియా అనే పేరుతో పిలువబడుతున్నది.